అక్క పేర్లు పెట్టిన దీపాలు

మొన్న విజయనగరంలో కంటి డాక్టరు దగ్గరికి అద్దె కారులో వెళ్ళాను. వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది, అందుకని ముందు సీటే అడుగుతాను. స్టీరింగు వెనక ఉండే గాజు పలకలో ఒక మూల నల్ల టేపు ముక్క అంటించి ఉంది. దాని అంచుల్లోంచి సన్నగా పసుపు వెలుగు కారుతోంది.

"అదేమిటి బాబూ?" అని డ్రైవర్ని అడిగాను.

"ఏటీ కాదండమ్మా. దీపం. ఎప్పుడూ ఎలుగుతానే ఉంటాది. సిరాగ్గా ఉన్నాదని మూసేసాను."

"ఏ దీపం?"

"ఏదోనండి. బండి బాగానే ఎల్తన్నాది కదా."

నాకు ఆ జవాబు చాలు. కానీ నా సీట్లో మా పెద్ద తోటికోడలు కూర్చుని ఉంటే ఆ కారు విజయనగరం చేరేది కాదు. గంట్యాడ దగ్గరే ఆపించి, టేపు పీకించి, ఆ దీపం ఎవరో, ఎందుకు వెలుగుతోందో తేల్చుకుని గానీ కదలనిచ్చేది కాదు. డాక్టరు గారు ఎదురు చూడాల్సి వచ్చేది. ఆ ఊహకే నాకు నవ్వొచ్చింది. డ్రైవరు నావైపు అనుమానంగా చూశాడు.

ఆవిడ పోయింది నిరుడు. తేదీ నాకు తెలుసు, దానికి ఇక్కడ పని లేదు. నేను అమ్మాయిల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. లెక్క తప్పినా, తేదీ తప్పినా ఆ పూట నాకు అన్నం సయించదు. అయితే అక్క విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఆవిడ పోయిన రోజు కాదు. ఆవిడ శ్రీకూర్మం వెళ్ళి వచ్చిన రోజు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది శృంగవరపుకోటలో చింతపండు, పసుపు వ్యాపారం చేసే కుటుంబం. మన్యం నుంచి దిగిన సరుకు మా కొట్లో బస్తాలకెక్కి విశాఖపట్నం వెళ్తుంది. ఇంటి పెద్ద కోడలు ఆవిడ, చిన్న కోడల్ని నేను. ఆవిడని నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను సెల్లీ అనేది. మనిషి పొట్టి. కారులో సీటు మీద మడతపెట్టిన గోనెపట్టా వేసుకుని దాని మీద కూర్చుంటే గానీ ఆవిడకి ముందున్న రోడ్డు కనిపించేది కాదు. ఎండాకాలంలో ఆ పట్టాలోంచి చింతపండు వాసన కారంతా నిండేది. కొత్తవాళ్ళు ఎవరైనా ఎక్కి, ఏదో పులిసిన వాసన వస్తోందంటే, "అది మా ఇంటి సెంటు" అనేది.

మా బావగారు పోయేదాకా ఆవిడ స్టీరింగు ముట్టుకోలేదు. ఆయన పోయాక పాత డీజిలు కారు పెరట్లో దుమ్ము పట్టి ఉంటే, అమ్మేద్దామని వాళ్ళబ్బాయి బేరం కుదుర్చుకొచ్చాడు. వాణ్ణి ఇంట్లో అందరం పెద్దబాబు అంటాం. బేరగాడు వచ్చి బానెట్టు ఎత్తుతుంటే అక్క వీధరుగు మీద నుంచి, "మూసెయ్ నాయనా, సలి పెడతాది దానికి. అది అమ్మకానికి లేదు. నేను నేర్సుకుంటాను" అంది. మర్నాడే డ్రైవింగు స్కూలుకి బయలుదేరింది. అప్పటికి ఆవిడకి మనవలు ఉన్నారు.

ఒకటి చెప్పకపోతే ఆవిడ ఎలాంటి మనిషో తెలియదు. బావగారి పదోరోజున మా ఆడపడుచు ఆవిడ బొట్టు తుడవడానికి చెయ్యి చాచింది. ఆడపడుచు అంటే మగవాళ్ళందరికంటే పెద్దది, ఆవిడ మాటకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. అక్క ఆ చేతిని మెల్లిగా పట్టుకుని, తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళోనే పెట్టేసింది. "ఆయన సూసి మురిసిన మొహం వదినా ఇది. ఇలాగే ఉంటాది" అంది. కేకలు లేవు, ఏడుపు లేదు. చివరిదాకా రూపాయి కాసంత కుంకుమ బొట్టుతోనే తిరిగింది. మా ఆడపడుచు ఆ మాట మరిచిపోలేదు.

డ్రైవింగు ఆవిడకి తొందరగానే వచ్చింది. రానిది దీపాలు. తాళం తిప్పగానే గాజు పలక మీద ఎర్రవీ, పసుపువీ బొమ్మలన్నీ ఒక్కసారి వెలుగుతాయి కదా, అవి చూస్తే ఆవిడకి మొదట్లో గాభరా. పాత కారులో ఒక పసుపు దీపం ఎప్పుడూ ఆరేది కాదు. ఊళ్ళో మెకానిక్కుని అడిగితే, "అది సెన్సరు గోలండమ్మా, పట్టించుకోకండి" అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

ఒక వేసవిలో నేనూ ఆవిడా విజయనగరం నుంచి ఇంటికి వస్తున్నాం. దారిలో ఎర్ర దీపం ఒకటి వెలిగింది.

"సెల్లీ, ఇదెవులు?" అంది.

"నాకేం తెలుసక్కా?"

"ఇదీ పట్టించుకోకూడని బాపతేనేమో" అని పోనిచ్చింది. కొంతదూరం వెళ్ళేసరికి బానెట్టు సందుల్లోంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. ఇంజనులో నీళ్ళు ఎండిపోయాయి. మోటారు సైకిలు వేసుకుని పెద్దబాబు వచ్చాడు. నడిరోడ్డు మీద, లారీల వాళ్ళు వింటుండగా, తల్లిని అనరాని మాటలేం అనలేదు గానీ, అన్నవి చాలు. "ఎర్ర దీపం ఎలిగితే సంటి పిల్లకి కూడా తెలుస్తాదమ్మా" అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, అప్పుడంది: "ఆ మెకానిక్కు ఒక్క దీపాన్ని పట్టించుకోవద్దన్నాడు. నేను అన్నింటినీ వద్దన్నట్టు ఇన్నాను. ఇక మీదట నాకు సుట్టం కాని దీపం నా బండిలో ఎలగడానికి వీల్లేదు సెల్లీ."

ఆ మాట ప్రకారం సుట్టరికాలు కలపడం మొదలైంది. కారుతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చదివి చెప్పేదాన్ని, ఆవిడ బొమ్మ చూసి పేరు పెట్టేది. బెల్టు కట్టుకోమనే దీపంలో మనిషికి భుజం మీద నుంచి అడ్డంగా గీత ఉంటుంది. ఆయన జంధ్యం బాబు. ఇంజను ఆయిలు తగ్గితే వెలిగేది అచ్చం కొమ్ముచెంబులా ఉంటుంది, కొసన బొట్టు కారుతూ. అది నేతి జారీ. టైరులో గాలి తగ్గితే వెలిగేది కుండలో గరిటె. కూడికా తీసివేతా గుర్తులున్న బ్యాటరీ బొమ్మని చూసి, "ఇది నీ మనిషే, లెక్కల డబ్బా" అంది. బండి జారితే వెలిగేదానికి వెనక వంకర టింకర గీతలుంటాయి. అది తాగి నడిపినోడు. పుస్తకం ఇంజను దీపమని చెప్పే పసుపు బొమ్మ పొలంలో పంపుసెట్టు. ఇక ఆ రోజు మమ్మల్ని రోడ్డున పడేసిన ఎర్ర దీపం నీళ్ళలో మునిగిన తాళంచెవిలా ఉంటుంది. దానికి మాత్రం పేరు పెట్టలేదు. "అదెవులో నాకు బాగా తెలుసు" అని ఊరుకుంది.

పేర్లయ్యాక రంగులు. ఆవిడ సిద్ధాంతం చాలా చిన్నది. ఎరుపైతే ఆపు. పసుపైతే ఆలోచించు. పచ్చా నీలమూ అయితే దాని పని అది చేసుకుంటోంది, నీ పని నువ్వు చూసుకో. ఇది నేను మా స్కూలు పిల్లలకి చెప్పగలిగినంత శుభ్రంగా ఉంది.

ఆ తర్వాత ఆవిడ బండి తీయడం చూడవలసిన వేడుక. తాళం సగం తిప్పి ఆగేది. దీపాలన్నీ వెలిగేవి. నేను క్లాసులో హాజరు పిలిచినట్టు వేలితో చూపిస్తూ పిలిచేది: "జంధ్యం బాబు. నేతి జారీ. లెక్కల డబ్బా. తాగినోడు. అందరూ వచ్చారు. మరి ఎల్లండి." అప్పుడు ఇంజను వేసేది, ఒక్కొక్కటే ఆరిపోయేవి. వెనక సీట్లో పెళ్ళికి ఆలస్యమైపోతున్న వాళ్ళున్నా సరే, హాజరు తప్పేది కాదు.

"ఎవరైనా రాకపోతేనో?" అని ఒకసారి అడిగాను.

"అదే భయం సెల్లీ. ఎలిగినోడు తన బాధ సెప్పుకుంటాడు. అసలు ఎలగనోడు సెప్పుకోలేడు కదా."

మెల్లిగా నడిపేది. లారీవాడు వెనక నుంచి హారను కొడితే, "ఎల్లు నాయనా, పెల్లికొడుకు నువ్వేనేటి" అని దారిచ్చేది. పెద్దబాబు ఆవిడ ప్రయాణాలని తాబేలు సర్వీసు అనేవాడు. ఆవిడ కోప్పడేది కాదు. వంటింట్లో కూడా అంతే నిదానం. పులుసు రుచి తేడా వస్తే కోడళ్ళు ఉప్పు వెయ్యాలా, బెల్లం వెయ్యాలా అని గిన్నె చుట్టూ మూగేవారు. ఆవిడ మాత్రం గరిటె పక్కన పెట్టి, "ఆఖర్న ఏటేసారు?" అని అడిగేది. అప్పటిదాకా బాగున్నది ఇప్పుడు చెడిందంటే కారణం ఆఖర్న పడిన వస్తువే అని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం తప్పిన రోజు నేను చూడలేదు.

ఇక కొత్త బండి సంగతి. పాత కారు ముసలిదైపోయి, దాన్ని ఇచ్చేసి పెద్దబాబు కొత్తది కొన్నాడు. షోరూములో బండి అప్పగించేటప్పుడు నేనూ అక్కా వెళ్ళాం. అక్కడి అమ్మాయి గడగడా అన్నీ చెబుతోంది. పెద్దబాబు ఫోన్లో మాట్లాడుతున్నాడు. అక్క ముందు అద్దం లోపల, చిన్న అద్దం వెనకాల ఉన్న నల్ల డబ్బా చూపించి, "ఇదేటమ్మా, కన్నులాగున్నాది?" అంది.

"కన్నేనండి ఆంటీ. రోడ్డు మీద గీతలు చూస్తుంది. గీత దాటితే మీకు చెబుతుంది. ముందు వెళ్ళే బండి దగ్గరైతే చెప్పడానికి బంపరు దగ్గర ఇంకో కన్ను ఉంది."

"అయితే బండికి మనకంటే బాగా కనిపిస్తాదన్నమాట" అంది అక్క. ఆ అమ్మాయి నవ్వింది.

ఇంటికొచ్చాక పెద్దబాబు కుండ బద్దలు కొట్టాడు. ఈ బండిలో దీపాలు పాతదానికి రెట్టింపున్నాయనీ, అమ్మకి ఇది కుదరదనీ, లక్కవరపుకోట నుంచి ఒక డ్రైవర్ని మాట్లాడాననీ చెప్పాడు. అక్క తింటున్న పెరుగన్నంలోంచి చెయ్యి తీయలేదు.

"సరే. పూజకి శ్రీకూర్మం ఎల్లాలి కదా. అంతవరకు నన్ను నడపనీ."

పెద్దబాబు ఆలోచించాడు. వాడు చెడ్డవాడు కాదు. తల్లికి ఏమైనా అవుతుందేమోనన్న భయమే వాడి నోట కోపంగా వచ్చేది. "సరే అమ్మా. ఎల్లి రా. కానీ దారిలో ఏదో దీపం ఎలిగింది, ఏటి సెయ్యాలని నాకు ఒక్క ఫోను వచ్చిందంటే, మర్నాటి నుంచి నువ్వు వెనక సీట్లోనే. మాటేనా?"

"మాటే."

"ఫోను రాకపోతే?" అని నేను అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"రాకపోతే బండి ఆవిడదే పిన్నీ" అని నవ్వాడు. రాకుండా ఉండదని వాడి ధీమా.

శ్రీకూర్మం ఎందుకంటే, మా ఇంట్లో ఏ కొత్త బండి వచ్చినా, బావగారి కాలంలో సరుకు లారీలతో సహా, కూర్మనాథస్వామి దగ్గరికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. తాబేలు సర్వీసు వెళ్ళవలసిన చోటు అదేనని పెద్దబాబు అన్నాడు. తెల్లవారుతూనే బయలుదేరాం. అక్క గోనెపట్టా మీద, నేను పక్కన, మా ఆడపడుచు వెనక. విజయనగరం దాటాం, హైవే ఎక్కాం, శ్రీకాకుళం చేరాం. ఒక్క దీపం వెలగలేదు. దారి పొడుగునా అక్క మొహం బల్ల మీద కొత్త పలక పెట్టుకున్న పిల్ల మొహంలా ఉంది.

దర్శనమయ్యాక గుడి బయట బండికి పూజ. కొబ్బరికాయ కొట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి ముందు జాలీ మీద అడ్డంగా చామంతి దండ, అరచెయ్యంత లావున, బిగించి కట్టారు. పూజ చేసిన అర్చకుడు యువకుడు, మంచి పొడగరి. మా ఆడపడుచు ఊరుకోక, "అద్దం మీద కూడా నామం పెట్టండి బాబూ, దూరానికి కూడా కనిపించేటట్టు. కొత్త బండి, దిష్టి తగుల్తాది" అంది. ఆయన పాపం బుద్ధిమంతుడు. నడిపేవాళ్ళ చూపుకి అడ్డం రాకూడదని ఆలోచించి, అద్దానికి పైన, సరిగ్గా మధ్యలో, పసుపూ గంధమూ కలిపి మందంగా ఇంత నామం దిద్ది, నడుమ కుంకుమ పెట్టాడు. చూడముచ్చటగా ఉంది. నేను కూడా బాగుందన్నాను.

హాజరు వేసి బయలుదేరాం. ఊరు దాటి, రెండు వైపులా వరిచేలున్న రోడ్డు మీద కొంత దూరం వచ్చామో లేదో, గంట మోగినట్టు బండి టింగుమంది. గాజు పలక మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, నేను కళ్ళజోడు సర్దుకుని చదివే లోపలే పోయాయి. అక్షరాలు పోయిన చోట రెండు దీపాలు నిలిచాయి. ఒకటి రెండు గీతల మధ్య బండి. రెండోది ఒక బండి ముందు బండిని గుద్దుతున్న బొమ్మ.

వెనక నుంచి మా ఆడపడుచు, "ఓలమ్మ, ఏటది? ఏటి మోగింది?" అంది.

అక్క బండిని మెల్లిగా రోడ్డు పక్కకి, ఒక టీ బడ్డీ ముందుకి తీసింది. ఇంజను ఆపింది. అప్పటిదాకా రోడ్డు మీదనే చూపు ఉంచింది కాబట్టి కాబోలు, నన్ను అడిగింది:

"ఎర్రవా, పసుపువా సెల్లీ?"

"పసుపే అక్కా. రెండూ."

"అయితే ఆలోసించుదాం. టీ తాగుతా ఆలోసించుదాం."

ఆ తర్వాత మా ఆడపడుచు ఈ కథ చెప్పినప్పుడల్లా జాతరలా జనం మూగారని చెప్పేది. అంతమంది లేరు. టీ బడ్డీ ఆయన, పక్కనే పంక్చర్లు వేసే ఆయన, ట్రాక్టరు ఆపి దిగిన రైతు, బైకు మీద పోతూ ఆగిన కుర్రాడు. ఇంతే. కాకపోతే నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు.

"ఎలకలండి. వైరు కొరికేసుంటాయి. మా ట్రాక్టరుకి ఇలాగే అయ్యింది" అన్నాడు రైతు.

"కొత్త బండికి ఎలకలేటి మావా? కంప్యూటరు పోయింది. బ్యాటరీ వైరు పీకి మళ్ళీ పెడితే సరిపోతాది" అని బైకు కుర్రాడు.

"పీకకండి, గ్యారంటీ పోతాది. లారీ మీద ఎక్కించుకుని ఎల్లాలి" అని పంక్చరు ఆయన.

టీ ఆయన మాత్రం గ్లాసు అందిస్తూ, "దిష్టండి. గుడి నుంచి వస్తన్నారు కదా, ఎవులో సూసేసుంటారు" అన్నాడు.

"అంత నామం పెట్టుకుని తిరుగుతుంటే ఇంక దిష్టెక్కడ తగుల్తాది నాయనా" అంది అక్క, టీ ఊదుకుంటూ.

ఈలోగా మా ఆడపడుచు సంచిలోంచి ఫోను తీసింది. "పెద్దబాబుకి సెప్తాను. రోడ్డున పడి ఉంటే మంచి మర్యాదేటి మనకి?"

అక్క వెళ్ళి ఆ ఫోను ఆవిడ చేతిలోంచి తీసి నాకిచ్చింది. "నేను అడిగేదాకా నీ కాడ ఉంచు సెల్లీ." నేను దాన్ని రవికెలో దోపుకున్నాను. ఆ ఫోను నుంచి కబురు వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. మర్నాటి నుంచి అక్క వెనక సీట్లో కూర్చుని, ఎవరో నడుపుతుంటే కిటికీలోంచి చెట్లు చూసుకుంటూ ఉంటుంది. ఆవిడ అలా కూర్చోవడం నా ఊహకి అందలేదు.

"ఆఖర్న ఏటేసాం?" అంది అక్క, ఎవరినీ కాదు, టీ గ్లాసుని అడిగినట్టు. "పొద్దున్న ఇంటికాడ నుంచి గుడిదాకా ఒక్క దీపం ఎలగలేదు. గుడికాడ నుంచి ఎలిగాయి. మధ్యలో ఏటేసాం?"

గ్లాసు పట్టుకునే బండి చుట్టూ ఒకసారి తిరిగింది. టైర్లు చూసింది. ముందుకొచ్చి అద్దం ఎదురుగా నిలబడిపోయింది. తర్వాత లోపలికి వెళ్ళి కూర్చుని, చిన్న అద్దం పక్కగా మెడ సాచి పైకి చూసింది. నన్ను చెయ్యూపి పిలిచింది.

"ఆ షోరూము పిల్ల ఏటన్నాది సెల్లీ, ఈ కన్ను ఏటి సూస్తాదని?"

"రోడ్డు మీద గీతలు చూస్తుందంది."

"ఇప్పుడేటి సూస్తన్నాది?"

నేను వంగి చూశాను. నల్లటి కన్నుకి ఎదురుగా, అద్దానికి అవతల, పసుపు ముద్ద. బయటి వెలుగు కూడా దాన్ని దాటి రావడం లేదు.

"గంధం అక్కా" అన్నాను.

అక్క దిగి, పంక్చరు ఆయన స్టూలు అడిగి తెచ్చుకుని, బండి పక్కన వేసుకుంది. నీళ్ళ సీసా, చేతిగుడ్డ తీసుకుని ఎక్కబోతుంటే మా ఆడపడుచు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావే? స్వామికాడ పెట్టించిన నామం. గుమ్మం కూడా ఎక్కలేదు బండి, అప్పుడే తుడిసేస్తావా? అశుభం. నేను ఒప్పుకోను."

అక్క స్టూలు మీద ఒక కాలుంచి ఆగింది. అక్క గొంతు పెంచలేదు.

"ఆ రోజు నాది తుడిసెయ్యమన్నారు వదినా. ఇయ్యాల దీనిది తుడవొద్దంటన్నారు. నాది నుదుట ఉన్నాది, ఎవులికీ అడ్డం లేదు. దీనిది కంట్లో ఉన్నాది, దారి కనబడక ఏడుస్తన్నాది. ఏది తుడవాలో మీరే సెప్పండి."

మా ఆడపడుచు పట్టుకున్న చెయ్యి వదిలేసింది. కొంచెం ఆగి, స్టూలు కదలకుండా ఆ చేత్తోనే పట్టుకుంది.

అక్క తుడిచింది. ఎండకి గట్టిపడిన గంధం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అద్దం తళతళలాడేదాకా తుడిచి, దిగి, మిగిలిన గంధం పొట్లం విప్పి బానెట్టు నడుమ చక్కగా నామం దిద్దింది. "నుదురంటే ఇది. కూర్మనాథుడు ఎక్కడ పెట్టినా ఒప్పుకుంటాడు" అని దండం పెట్టుకుంది.

హాజరు వేసి ఇంజను వేసింది. అందరం కిటికీల్లోంచి తొంగి చూశాం. కొంచెం ముందుకి నడిపింది. గీతల దీపం ఆరిపోయింది. రెండోది ఆరలేదు.

"సెప్పాను కదా, కంప్యూటరే" అన్నాడు బైకు కుర్రాడు, మా వెనకే వచ్చి.

"ఒక కన్ను తెరిపించాం. ఇంకోటి మూసుకునే ఉన్నాది" అంది అక్క. దిగి ముందుకి వెళ్ళింది. అరచెయ్యంత లావు చామంతి దండ, జాలీకి నడుమ, బంపరు పైన, కొత్త పెళ్ళికొడుకు బాసికంలా బిగిసి ఉంది. ముళ్ళు విప్పి దండ తీసింది. పూజ చేసిన పూలు కింద పెట్టకూడదు, కొత్త సీటు మీద తడి పూలు పెట్టకూడదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, ఆ దండ తీసుకొచ్చి మా ఆడపడుచు మెడలో వేసేసింది.

"ఒలే, ఇదేటే" అంది మా ఆడపడుచు. కానీ తీయలేదు. రైతు తలగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మళ్ళీ బయలుదేరాం. బైకు కుర్రాడు పక్కనే వస్తున్నాడు, ఏమవుతుందో చూడాలని వాడి పంతం. నేను ఆ పసుపు బొమ్మ మీద నుంచి కళ్ళు తీయలేదు. ఒక మలుపు తిరిగాం. చేల మధ్య చిన్న వంతెన దాటాం. బొమ్మ ఆరిపోయింది. ఎలా ఆరిందంటే, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు ఆరిపోయింది.

"ఆరిందక్కా" అన్నాను.

అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి విప్పి గాలిలోకి ఎత్తింది, ఎన్నికల్లో గెలిచినవాళ్ళు జీపు మీద నుంచి ఎత్తినట్టు. బైకు కుర్రాడు మోగినంతసేపు హారను మోగించుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు.

ఇంటిదాకా ఆవిడ నడిపిన తీరు చెప్పాలి. తాబేలు సర్వీసు కాదది. హైవే మీద గీతల మధ్య బాణంలా నడిపింది. రెండు లారీలని దాటింది, దాటుతున్నప్పుడు వాటివైపు చూడనైనా చూడలేదు. మా ఆడపడుచు దండతోనే కూర్చుంది. విజయనగరంలో కాఫీకి దిగితే హోటలు వాడు ఆవిడకి ఏదో సన్మానం జరిగిందనుకుని మంచి బల్ల చూపించాడు.

సాయంత్రానికి శృంగవరపుకోట చేరాం. కొట్టు ముందు బస్తాల పక్కన బల్ల మీద కొత్త మనిషి ఒకడు ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. పెద్దబాబు మాట్లాడిన డ్రైవరు. అతన్ని పిలిపించడానికి మావాడు రేపటి దాకా కూడా ఆగలేదన్నమాట. బండి చూసి పెద్దబాబు మెట్లు దిగి వచ్చాడు. ముందు జేబులో ఫోను తీసి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు.

"దీపాలేవీ ఎలగలేదేటత్తా?" అని మా ఆడపడుచుని అడిగాడు. తల్లిని అడగలేదు, నన్నూ అడగలేదు. నిజం చెప్పేది ఆవిడేనని వాడి లెక్క.

నేను బండి దిగాను. మా ఆడపడుచు కూడా దిగి, మెడలో దండ సర్దుకుని, తాపీగా అంది:

"ఎలిగాయి. మీ యమ్మ ఆర్పేసింది."

పెద్దబాబు తల్లివైపు చూశాడు, బానెట్టు మీద నామం చూశాడు, శుభ్రంగా ఉన్న అద్దం చూశాడు. ఏదీ అర్థం కాలేదు. అలవాటు కొద్దీ తాళం కోసం చెయ్యి చాచాడు.

అక్క ఇంజను ఆపనే లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి బల్ల మీద మనిషిని పిలిచింది.

"నీది లక్కవరపుకోటే కదా బాబూ?"

"అవునండమ్మా."

"ఈ ఏలప్పుడు బస్సు కోసం ఏటి కాసుకుంటావు. వెనకాల ఎక్కు, దించేస్తాను."

ఆ మనిషి పెద్దబాబువైపు చూశాడు. తర్వాత వెనక తలుపు తీసి, చెప్పులు దులుపుకుని, ఒద్దికగా ఎక్కి కూర్చున్నాడు. అక్క ఇరుకు వీధిలో బండిని ఒక్క తిప్పుతో వెనక్కి తిప్పి, సంత రోడ్డు వైపు సాగిపోయింది. పెద్దబాబు చాచిన చెయ్యి దించుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.